మూత తీసే చెయ్యి

హలో… ఆ, నేనే. నేను కాక ఈ ఇంట్లో ఇంకెవరు పలుకుతారు బావా. ఉన్నది నేనూ, పొయ్యి మీద కాఫీ గిన్నే. అది పలకదు, పొంగుతుంది.

…ఇవాళ ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను. చెప్పు.

…ఊఁ.

…ఊఁ. పాత తరం ప్రాసెసరా, కొత్త తరం ప్రాసెసరా. అదేగా. పొద్దున అదే అడిగావు, భోజనం మధ్యలో అదే అడిగావు. తరం తరం అంటూ తరుముతున్నావు నన్ను. ఏ తరమో తేల్చడం నా తరం కాదని చెప్పాను కదా.

…కాదు, నవ్వట్లేదు. దగ్గు.

…సరే, నవ్వాను. అలసిపోయినవాడు నవ్వినా దగ్గినట్టే ఉంటుంది, పట్టించుకోకు.

…ఏంటీ, తప్పు నాదా?

…కంప్యూటర్ని చల్లబరిచే రేడియేటర్ బాల్కనీలో పెట్టమన్నది నేనే, ఒప్పుకుంటాను. మీ కెమి ఊళ్ళో చలి ఊరికే దొరుకుతుంది, తలుపు సందులోంచి గొట్టాలు లాగి వాడుకో అన్నాను. కానీ బయట మైనస్ ఇరవై ఏడు ఉన్నప్పుడు కంప్యూటర్ ఆపేసి సౌనాకి పొమ్మన్నానా? అది నడుస్తున్నంతసేపే కదా దాని వేడికి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఉండేది. అయ్యగారు పైన బెంచీ ఎక్కి ఆవిరిలో కూర్చున్నారు, అక్కడ బాల్కనీలో అది గడ్డకట్టి కూర్చుంది.

…మీ బిల్డింగులో సౌనా వంతు వారానికి ఒక్క గంటే అని నాకు తెలుసు. ఆ గంట వదులుకోవడం కంటే ప్రాణం వదులుకోవడం సుళువు, అదీ తెలుసు. మరి నీళ్ళు గడ్డకట్టకుండా పోసే మందు ఎందుకు పొయ్యలేదు?

…అర డిగ్రీయా.

…మందు పోస్తే అర డిగ్రీ వేడెక్కుతుందని ఉత్త నీళ్ళు పోశావు. ఆ అర డిగ్రీ కోసం ప్రాసెసరూ, బోర్డూ రెండూ నీళ్ళపాలు చేశావు. సౌనానించి వచ్చి, ఒళ్ళు తుడుచుకుని, హాయిగా స్విచ్ వేశావు. లోపలి బిగింపు ఊడి బుస్సుమని… వద్దులే. చెప్పించకు. ఈ తప్పు చెయ్యడానికి చదువు సరిపోదు బావా, అనుభవం కూడా ఉండాలి.

…ఆ, చెప్పు. టాంపెరె దుకాణం పిల్ల మింటు ఏమంది?

…ఊఁ. పాత తరంది ఒక్కటే మిగిలింది. టాంపెరె మొత్తానికి ఒక్కటే. …నీకోసం పక్కన పెట్టింది. కొత్త తరంవి షెల్ఫు నిండా ఉన్నాయి. ఏది కావాలో అయిదు లోపల చెబితే సాయంత్రం బస్సుకి వేస్తుంది. తర్వాత దుకాణం మూసేస్తుంది. …మరి చెప్పు ఆ పిల్లకి. నాకెందుకు చేస్తున్నావు?

…మూత తీసేవాడిదే మాట.

…అవును, మన పద్ధతి అదే. ఇన్నేళ్ళనించీ అదే. ఎవడైతే కయానిలో కంప్యూటర్ల వేగం పోటీ హాలులో కూర్చుని ప్రాసెసర్ మీది లోహపు మూత తీస్తాడో, ఏది కొనాలో వాడే చెప్పాలి. కాదనడం లేదు. కానీ ఆ మూత తీసేవాడు ఈసారి హాలుకి రావడం లేదని ఆదివారం చెప్పాడు. నువ్వు విన్నావు కూడా. విని, ‘సరే, మంచు పారవేయాలి, పోతాను’ అన్నావు. నేననుకున్నాను, ఆహా, అర్థం చేసుకున్నాడు అని. ఎక్కడ. మంచుతో పాటు నా మాట కూడా పారేశావు.

…చెయ్యి వణుకు బావా. ఇంకేముంది. చెయ్యే.

…ఆసుపత్రిలో చూశారు. ప్రమాదం ఏమీ లేదట. పోవడమూ లేదట. ఉంటుందట, అంతే. దూరపు చుట్టం లాగా. కప్పు పట్టుకుంటే సగం కాఫీ నాకు, సగం సాసరుకి. బూటు లేసు కట్టుకోవడానికి బెంచీ మీద కూర్చోవాల్సి వస్తోంది. ఈ చేత్తో పోయి, గడ్డం గీసుకునే బ్లేడు పట్టుకుని, గోరంత చిప్పు మీద మూత లేపనా? ఈ ఇల్పో మూత తీస్తున్నాడంటే కయాని హాలు సగం వచ్చి చుట్టూ మూగుతుంది. చేతిలో కాఫీ కప్పులు, కళ్ళు నా వేళ్ళ మీద. వాళ్ళ మధ్యలో ఈ చెయ్యి బల్ల మీద పెట్టలేను. అదీ సంగతి. దాచిందేం లేదు. అందుకే రాను.

…జాలిపడరా? పడతారు బావా. మనవాళ్ళు నోరు తెరిచి ఒక్క మాట అనరు, అదే కదా బాధ. చూసి, నేలవైపు చూసి, ఇంకో కప్పు పోసుకుంటారు.

…మూత లాగే ఆ బిగింపు పనిముట్టుందిగా. మర తిప్పితే మూత దానంతట అదే జరిగి వస్తుంది, చెయ్యి వణికినా ఫరవాలేదు. కొనుక్కో. …ఏంటీ? ‘మర తిప్పడం ఎవడైనా తిప్పుతాడు, చేత్తో తీస్తేనే తీసినట్టు’. …ఎవరన్నారు? …నేనా. …ఎప్పుడన్నాను. …జనం ముందే అన్నాను. సరే. నాకు చేతి కంటే ముందు నోరు జారేది అప్పట్లో.

…సరే బావా. మాట అడిగావు కాబట్టి మాట చెప్తాను. ఊఁ కొడుతూ విను. కొత్త తరం తీసుకో.

…ఎందుకా. పాతది కరెంటు తాగుతుంది, నిప్పులు కక్కుతుంది. అన్ని వాట్లు, మనకన్ని పాట్లు. నీళ్ళు పోయాలి, ఫ్యాన్లు పెట్టాలి, గొట్టాలు లాగాలి, మూత తీసి లోపల కంపెనీవాడు పూసిన పేస్టు గీకి, మనది పూసి, మళ్ళీ మూత పెట్టి, ఇదంతా చేస్తే కంపెనీ పెట్టిన వేగం కంటే ఇంకాస్త పరిగెడుతుంది. కొత్తదానికి ఇవేం అక్కర్లేదు. దాన్ని నువ్వు తరమక్కర్లేదు. చల్లగా ఉంటే అదే పరిగెడుతుంది, వేడెక్కితే అదే నిదానిస్తుంది. నీకూ నాకూ లేని బుద్ధి.

…సాకెట్టు మారిందంటావా? అది సాకు. నీ బోర్డు నీళ్ళలో మునిగిపోయింది, పాతదానికైనా బోర్డు కొనాల్సిందే. …కోర్లు తక్కువా? ఎన్ని కావాలి నీకు? కోరి కోరి ఇన్ని కోర్లు తెచ్చుకుని ఏం చేస్తావు, హాలులో వరుసలో నంబరు చూసుకుని ఇంటికొచ్చి ఈమెయిల్ చదువుకుంటావు.

…ఆ. దాని మూత రాదు. అదీ నిజమే. కొత్తవాటికి లోపల టంకం వేసేశారు. బ్లేడు దిగదు. దిగినా లాభం లేదు. తీసి చల్లబరచడానికి కంపెనీవాడు ఏమీ మిగల్చలేదు. శుభం. మూత సమస్యకే మూత పడింది.

…

…ఉన్నావా?

…ఉన్నావు. ఊపిరి వినిపిస్తోంది. ఏమైంది? …అయితే మనం ఏం చేస్తామనా? …అక్కడికి పోయి. …నువ్వు పోతావు. నేను ఇంట్లో ఉంటాను. నీ నంబరు ఎంతొచ్చిందో ఫోన్ చేసి చెప్తావు. నేను భేష్ అంటాను. మామూలే.

…లేదు బావా. వినీ వినీ అలసిపోయాను. నీ మీద కోపం కాదు. నా చెల్లెల్ని కట్టుకున్న రోజునించీ నిన్ను మోస్తున్నాను, ఇంకా మోస్తాను. కానీ ఈ ఒక్కటీ కింద పెట్టనీ. నీళ్ళొదులుకున్నాను అనుకో. నువ్వు అటు నీళ్ళు నములుతూ కూర్చోకు. మింటుకి ఫోన్ చెయ్యి.

…ఏంటీ?

…ఎవరు తీస్తారు?

…నువ్వా?

…బావా, నువ్వు చేప ముళ్ళు తియ్యలేవు. మా చెల్లి రైలా తీసి పెడుతుంది నీకు. నా కళ్ళతో చూశాను, క్రిస్మస్ భోజనాల దగ్గర.

…నన్ను చూసి నేర్చుకున్నావా. ఇరవై ఏళ్ళు నువ్వు టార్చిలైటు పట్టుకున్నావు బావా. ఆ వెలుగులో చూసింది నేను.

…ఆగు, ఆగు. ఇప్పుడా? ఫోన్‌లోనా? …నేను చెబుతుంటే నువ్వు తీస్తావు. …వస్తే పాతది కొంటాం, పగిలితే కొత్తది కొంటాం. …అంతేనా. …దేని మీద తీస్తావు? నీ ప్రాసెసర్ మూత నేనెప్పుడో తీశాను, అది చచ్చి ఊరుకుంది. మూత తియ్యనిది ఎక్కడుంది నీ దగ్గర?

…రైలాదా.

…రైలా కంప్యూటర్లోదా. అదీ పాత తరందే, అవును. మూత తియ్యలేదు, అవును. కానీ అది… బావా, అది చచ్చిందా?

…బతికే ఉంది.

…పొద్దున దాని మీదే ఊలు నమూనాలు చూసుకుంది. ఇప్పుడెక్కడుంది చెల్లి? …చర్చి పాటల సాధనకి. …ఎప్పుడొస్తుంది? రైలా అంటే రైలే, చెప్పిన టైముకి దిగుతుంది. …దానితో చెప్పావా?

…వద్దు. నేను ఒప్పుకోను. దాన్ని దాని చోట పెట్టెయ్.

…ఇప్పటికే విప్పేశావా. …రొట్టె కోసే చెక్క మీద పెట్టావు. బ్లేడు కూడా తీశావు. అంటే నాకు ఫోన్ చేసే ముందే… నువ్వు ఊరికే ఏ తరం ఏ తరం అంటుంటే నేనేదో నిజంగా సలహా అడుగుతున్నావనుకున్నాను.

…

…సరే. స్పీకర్లో పెట్టి పక్కన పెట్టు. రెండు చేతులూ కావాలి నీకు. …పెట్టావా? …గొంతు దూరం నించి వస్తోంది, పెట్టావు. చెయ్యి కడుక్కున్నావా? …తుడుచుకున్నావా? …పొడిబట్టతో. మంచిది. అద్దాలు పెట్టుకో. …అవి కావు, దగ్గర చూపువి.

ఎడంచేత్తో అంచులు పట్టుకో. పచ్చ పలక అంచులు. మధ్యలో నొక్కకు. పావురం పిల్లని పట్టుకున్నట్టు. …ఎప్పుడూ పట్టుకోలేదా. నేనూ పట్టుకోలేదు. ఊహించుకో.

బ్లేడు మూలనించి. ఎప్పుడూ మూలనించే. అక్కడ జిగురు పల్చగా ఉంటుంది. …పడుకోబెట్టు బ్లేడుని. ఇంకా పడుకోబెట్టు. నేను మధ్యాహ్నం పడుకున్నట్టు, ఇక లేవను అన్నట్టు. …దిగుతోందా? …లేదా. దిగకపోతే నొక్కకు. తొందరేం లేదు. ఉంది, అయిదింటికి మూస్తారు, కానీ ఆ సంగతి బ్లేడుకి తెలియనివ్వకు.

…దిగింది. ఊఁ. ఎంత? …వెంట్రుకంత చాలు. ఇప్పుడు లాగు. కొయ్యకు. లాగు.

…వింటున్నాను. గరగరమంటోంది. అది జిగురు. మంచి చప్పుడు. ఆ చప్పుడు వచ్చినంతసేపూ భయం లేదు. …మాట్లాడకు నువ్వు. మాట్లాడితే ఊపిరికి చెయ్యి కదులుతుంది. నేను మాట్లాడతాను. అక్కడ నువ్వు బ్లేడు పట్టు, ఇక్కడ నేను బ్లేడు వేస్తాను. చెయ్యి వణికినా నోరు వణకడం లేదు కదా నాకు, దేవుడు ఒకటి తీసుకుని ఇంకొకటి వదిలేశాడు. రైలా అయితే తప్పుది తీసుకున్నాడంటుంది.

…మలుపు వచ్చిందా. మలుపులో ఆపు. బ్లేడు బయటికి. అక్కడ తిప్పకూడదు. తీసి, కొత్త వైపు మళ్ళీ మూలనించి. …అలాగే. …అలాగే బావా. …బాగానే ఉంది.

…ఏం లేదు, వింటున్నాను. బాగానే లాగుతున్నావు. నేననుకున్నంత… బాగానే ఉంది. ఆ టార్చిలైటు ఎవరు పట్టుకున్నారు నీకు? …నోట్లోనా. అందుకే మాట్లాడటం లేదు. నేను నా మాట విన్నావనుకున్నాను.

మూడో వైపు. లోతుకి పోకు. ఆ వైపు లోపల చిన్న చిన్న ముక్కలుంటాయి, ఆవగింజల్లాంటివి. వాటికి తగిలిందో, అయిపోయింది. …గరగర. …ఊఁ. …గరగర. చాలు. తీసెయ్ బయటికి.

నాలుగో వైపు వదిలెయ్. అది వేళ్ళ పని. బ్లేడు పక్కన పెట్టు. …పెట్టావా? ఇప్పుడు బొటనవేలితో మూత అంచు… రావడం లేదా. వస్తుంది. ఆగు. వెచ్చబడనీ. అరచేతిలో కాసేపు… బావా, మళ్ళీ బ్లేడు తీశావా? బ్లేడు పెట్టి లేపకు. విను. పెట్టి తిప్పావంటే…

…

…

…వచ్చిందా?

…వచ్చింది. ఊఁ. మూత వచ్చింది.

…చిప్పు? …బాగానే ఉంది. …నున్నగా మెరుస్తోంది. …గీత కూడా లేదు. ఊఁ.

…కాదు, సంతోషంగానే ఉన్నాను.

…అయితే పాతదే చెప్పేస్తావా మింటుకి. చెప్పు. …ఆగు, పెట్టెయ్యకు. ముందు ఆ ముక్కని మళ్ళీ రైలా కంప్యూటర్లో పెట్టు. మూత ఊరికే పైన ఆనించి బిగించు. ఒక్కసారి వెలిగించు చాలు. బతికున్నది కదా, బతికే ఉంటుంది. మీట నొక్కి, తెర మీద ఏదైనా వస్తుందేమో చూసి, అప్పుడు చేద్దువుగాని మింటుకి.

…పేస్టు లేదా. వంటింట్లో కుడివైపు సొరుగులో ఉంది, నేనే పెట్టాను.

…సాయంత్రం చూస్తావా. సాయంత్రం దాకా ఎందుకు? నిమిషం పని.

…

…వెలిగించు బావా.

…

…హెయిమో బావా.

…నేను విన్నాను. …చిప్పు చెప్పింది. జిగురు తెగితే టప్‌మని తడిగా వస్తుంది. ఇది చిట్‌మంది. పొడిగా, సన్నగా. ఎంతమంది చేతుల్లో విన్నానో ఆ హాలులో. ఆ చప్పుడు వస్తే కప్పులు పట్టుకున్నవాళ్ళంతా ఒక అడుగు వెనక్కి వేస్తారు.

…ఏ మూల? …కింది మూల. …ఎంత? …గోరంత. గోరంత పోతే చాలు, కొండంతా పోతుంది దానికి.

…కాదు, తిట్టడం లేదు. తిట్టే ఓపిక ఉంటే నేనే వచ్చి మూత తీసేవాణ్ణి. కానీ ఒక్కటి చెప్పు. బాగానే ఉందని ఎందుకన్నావు? ఆ మిగిలిన ఒక్క పాతది తెప్పిస్తావు. శనివారం మధ్యాహ్నం హాలులో జనం మధ్య కూర్చుంటావు. దాన్ని కూడా బ్లేడు తిప్పి లేపుతావు. మళ్ళీ చిట్. అప్పుడు ఏం చేసేవాడివి?

…ఏంటీ? గొణగకు. స్పీకర్లోంచి తీసి చెవి దగ్గర పెట్టుకుని చెప్పు.

…

…మళ్ళీ చెప్పు.

…నువ్వు బ్లేడు పట్టుకుంటున్నావని తెలిస్తే, తిట్టడానికైనా నేను వస్తాననా.

…

…కొత్తది కొంటే తీసే మూత లేదు, మూత లేకపోతే ఇల్పో రాడు. ఈసారి రాడు, వచ్చేసారి రాడు, ఇక రాడు. అదా లెక్క. అందుకా పొద్దుట్నించి ఏ తరం ఏ తరం అని.

…ఉండు. కాఫీ పొంగింది. ఉండు, ఫోన్ పెట్టెయ్యకు.

…ఆ. పోసుకున్నాను. …లేదు, బల్ల కూడా తాగింది కొంచెం. తుడుస్తాలే.

…ఆలోచించుకోనీ.

…

…బావా, నువ్వొట్టి మొద్దువి. బతికున్న ప్రాసెసర్ పగలగొట్టి, పెళ్ళాంతో తగువు నెత్తికెత్తుకుని, నాతో అబద్ధమాడి… ‘ఇల్పో, నువ్వు కూడా రా’ అని నాలుగు మాటలు అనలేవా? …అనలేవు. నిజమే. నేనైనా అనలేను. నేను వంద మాటలు అంటాను గానీ ఆ నాలుగూ అనలేను.

…సరే, విను. మూత తీసేవాడిదే మాట అన్నావు. ఇవాళ మూత తీసింది నువ్వు, పగలగొట్టిందీ నువ్వే. కాబట్టి ఆ మాట ఇంకా నాదేనని అనుకుంటున్నాను. …నాదేనా? …అయితే కొత్త తరం. బ్లేడు వద్దు, మూత వద్దు. నీళ్ళ గొట్టాలు పెట్టుకుంటే పెట్టుకో, కానీ ఈసారి మందు పోసి పెట్టు. అర డిగ్రీ పోతే పోనీ. మనకంటే చల్లగా ఉంటుంది ఎలాగూ.

…ఇంకా చెప్పలేదు. విను. నేనూ వస్తాను.

…వస్తాను అన్నాను. రెండోసారి చెప్పించకు, నాకూ సిగ్గుంటుంది. శుక్రవారం పొద్దున మా ఔలు స్టేషన్ దగ్గర ఎక్కించుకో. కారులో ముందు సీటు ఖాళీగా ఉంచు, పోయినసారి రేడియేటర్ నా ఒళ్ళో పెట్టావు.

…అడుగుతారు. అడగనీ. మూత ఏదీ, ఇల్పో ఎందుకు తియ్యడం లేదు అని. నేనే చెప్తాను. ‘చెయ్యి వణుకుతోంది, అందుకని కొత్త తరం కొన్నాం’ అని, నిలబడి, గట్టిగా. నా గొంతు తెలుసుగా, ఆ చివర కాఫీ బల్ల దాకా వినిపిస్తుంది. ఒకసారి చెప్పేస్తే మళ్ళీ మళ్ళీ నా వేళ్ళ వైపు చూసే పని ఉండదు వాళ్ళకి. …లేదు, భయమేం లేదు. …ఉంది. ఉంటే ఉంది.

…రైలాకా? నిజం చెప్పు. …నేనా? నేను చెప్పను. నీ పెళ్ళాం, నీ బ్లేడు.

…ఆగు. ఒక పని చెయ్యి. మింటు పక్కన పెట్టిన ఆ పాత ముక్క ఉంది చూడు, అది కూడా వేయించు బస్సుకి. రైలా బోర్డుకి సరిపోయేది అదే కదా. …ఆ, రైలాకే. మూతతో సహా. దాని మూత జోలికి ఎవరూ పోవద్దు. నా చెల్లెలు దాన్ని తరమదు, పొద్దున్నే వెలిగించి ఊలు నమూనాలు చూసుకుంటుంది. మొత్తం హాలులో అందరికంటే ఎక్కువ కాలం బతికేది అదే అవుతుంది, చూస్తూండు.

…ఇంకేంటి? …అడుగు.

…కొత్తదైతే అక్కడ చెయ్యడానికేముంటుందనా.

…ఏమీ ఉండదు బావా. ప్లగ్గు పెడతాం. వెలుగుతుంది. ఎంత పరిగెత్తాలో అంతా అదే పరిగెడుతుంది.

…ఆ తర్వాతా. దాని ముందు రెండు కుర్చీలు వేసుకుని కూర్చుంటాం, ఇద్దరం.

…ఆ. ఊరికేనే.

…నాకూ తోచదు. అలవాటవుతుందిలే. …పెట్టేస్తున్నాను, మింటుకి చెయ్యి.